రోష్‌ఫోర్ 10కి నా మార్కులు

మొత్తానికి రోష్‌ఫోర్ 10 రుచి చూశాను. బెల్జియంలో ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠంలో తయారయ్యే డార్క్ ఏల్ (ముదురు రంగు బీరు) ఇది, ఆల్కహాల్ 11.3 శాతం, అంటే మామూలు లాగర్ బీరుకి రెండింతల పైమాటే, కాబట్టి గటగటా తాగేసే సరుకు కాదు. ఫ్రిజ్‌లోంచి తీయగానే పోసుకుంటే వాసనా రుచీ రెండూ ముడుచుకుపోయి ఉంటాయి. కాసేపు బయట పెట్టి, 12-14 డిగ్రీలకు వచ్చాక వెడల్పు గ్లాసులో పోయండి, తేడా మీకే తెలుస్తుంది. సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది (సీసాలోనే మళ్లీ పులుస్తుంది మరి), అది కదలకుండా నెమ్మదిగా వంచాలి.

రంగు ముదురు గోధుమ, లైటుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి జీర. మొదటి గుక్కలో ఎండుద్రాక్ష, అంజీర, కొంచెం మాడిన పంచదార పాకం, ఆ వెనకే మిరియాల్లాంటి ఘాటు, చివర్లో ఆల్కహాల్ గొంతులోకి వెచ్చగా దిగుతుంది గానీ మంట లేదు, 11 శాతం దాటిన బీరులో అది చిన్న విషయం కాదు. నల్లగా ఉంది కదా అని స్టౌట్ అనే నల్ల బీరులో ఉండే కాఫీ చేదు కోసం చూస్తే మాత్రం నిరాశే.

మార్కులంటారా, వాసనకి 5కి 5. రుచికి 4.5, ఎందుకంటే సగం గ్లాసు దాటేసరికి తీపి కాస్త మొహం మొత్తింది. 330 మి.లీ. సీసా ఇద్దరు పంచుకుంటే హాయి. పక్కన నంజుకోవడానికి కారంగా ఏదీ వద్దు, చీజ్ ముక్క చాలు.

తర్వాత రోష్‌ఫోర్ 8 పట్టాలి, అది 9.2 శాతమే కాబట్టి నాకు ఇంకా నచ్చుతుందని డౌటు.