హాగ్లిన్లని పెంచి చూడండి

మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో మాబ్ ఫార్మ్ (గేమ్‌లోని జీవుల్ని, అంటే మాబ్‌లని, ఒకచోటికి తెచ్చే కట్టడం) అనగానే చాలామంది కట్టేది ఒకటే, ఎత్తులో ఒక చీకటి గది. లోపల వెలుతురు సున్నా ఉండాలి (2021 నవంబర్‌లో 1.18 వచ్చినప్పటి నుంచి ఇదే లెక్క, అంతకు ముందు వెలుతురు 7 ఉన్నా పుట్టేవి). జాంబీలు, స్కెలిటన్లు, క్రీపర్లు వాటంతటవే పుడతాయి, నీళ్ళు వాటిని తోసుకుంటూ తెచ్చి గొట్టంలో పడేస్తాయి, 22 బ్లాకుల ఎత్తు నుంచి పడితే అర గుండె ప్రాణంతో మిగులుతాయి, మనం ఒక్కటి వేస్తే చాలు, ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) మనది. 23 బ్లాకులు చేశారా, వాటంతటవే చచ్చిపోతాయి, వస్తువులు పడతాయి కానీ ఎక్స్‌పీ రాదు, ఎందుకంటే దెబ్బ మనది కాదు కదా. ఇలాంటివి నేనూ కట్టాను, గన్‌పౌడర్ కోసం ఇప్పటికీ ఒకటి నడుస్తోంది. కానీ అక్కడ మనం పెంచేదేమీ లేదు. 24 బ్లాకుల కంటే దగ్గరగా నిలబడితే పుట్టవు, 128 దాటి వెళ్తే ఉన్నవి కూడా మాయమైపోతాయి. ఒక జాంబీకీ ఇంకో జాంబీకీ తేడా లేదు, ఏదీ పది నిమిషాలు గుర్తుండదు.

హాగ్లిన్ అలా కాదు. 2020 జూన్‌లో నెదర్ (గేమ్‌లోని నరకం లాంటి లోకం) అప్‌డేట్‌తో వచ్చిన ఈ అడవిపంది లాంటి జీవి, మన మీద పడి కొట్టే మాబ్‌లలో మేత పెట్టి పిల్లల్ని పెట్టించగలిగేది ఇదొక్కటే. ఈ గేమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువమంది కనిపిస్తారు, అందుకే రాస్తున్నాను. నేను ఆడేది జావా ఎడిషన్, లెక్కలన్నీ దానివే.

ముందు పట్టుకోవాలి. హాగ్లిన్లు ఉండేది నెదర్‌లోని ఎర్ర అడవి, క్రిమ్సన్ ఫారెస్ట్‌లో, ఒక్కోదానికి 40 ప్రాణం, అంటే జాంబీకి రెండింతలు, పైగా కొడితే మనిషి గాల్లోకి లేచి పడతాడు. తాడు కట్టి లాక్కెళ్ళొచ్చు, హాగ్లిన్‌కి లీడ్ పడుతుంది, కానీ కట్టినంత మాత్రాన కొట్టడం మానదు. నా పద్ధతి గుంట. అడవిలోనే కనీసం మూడు బ్లాకుల వెడల్పు, రెండు బ్లాకుల లోతు గుంట తవ్వి, కనిపించిన హాగ్లిన్ కళ్ళ ముందు నుంచి పరుగెత్తి గుంట అవతలికి దూకితే అది వెంటపడి వచ్చి లోపల పడుతుంది. ఒక్క బ్లాకు ఎత్తే ఎక్కగలదు కాబట్టి బయటికి రాలేదు. రెండోదాన్నీ అలాగే. దాని కోపమే మనకి తాడు.

తర్వాత మేత, అంటే క్రిమ్సన్ ఫంగస్ అనే ఎర్ర పుట్టగొడుగు. గుంట గట్టు మీద, నేలకి సరిగ్గా రెండు బ్లాకుల ఎత్తులో నిలబడి పెట్టాలి, మూడు బ్లాకులైతే చెయ్యి అందదు. ఒక్కసారి మన చేతి మేత తిన్న హాగ్లిన్ ఇక డీస్పాన్ అవ్వదు, అంటే మాయమైపోదు, మన దగ్గర పుట్టిన పిల్లా అంతే, మీరు ఎంత దూరం వెళ్ళొచ్చినా అక్కడే ఉంటాయి. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రెండిటికీ పెడితే పిల్ల పుడుతుంది, మళ్ళీ జత కట్టాలంటే అయిదు నిమిషాలు ఆగాలి, పిల్ల పెరగడానికి ఇరవై నిమిషాలు, దానికీ ఫంగస్ పెడుతుంటే ఇంకా తొందరగా పెరుగుతుంది. మచ్చిక అవుతుందని మాత్రం ఆశపడకండి. మన చేతిలోదే తిని మన మీదకే వస్తుంది, పిల్లలు కూడా వస్తాయి, కాకపోతే వాటి దెబ్బ ఏమంత ఉండదు. నాకు అదే నచ్చుతుంది, ఆవులా గొర్రెలా గోధుమ చూపిస్తే వెనకాలే వచ్చే రకం కాదు, ప్రతిసారీ జాగ్రత్తగా ఉండాలి.

ఫంగస్ ఎక్కడ దొరుకుతుంది అంటే అడవిలో ఏరుకోవచ్చు, కానీ మంద పెరిగితే ఆ ఏరుకోవడం సరిపోదు. క్రిమ్సన్ నైలియం (ఆ అడవి నేల) మీద బోన్ మీల్ (ఎముకల పొడి) చల్లితే క్రిమ్సన్ రూట్స్, వాటి మధ్య కొన్ని ఫంగస్‌లు మొలుస్తాయి. బోన్ మీల్ కావాలంటే ఎముకలు కావాలి, ఎముకలు కావాలంటే స్కెలిటన్లు, కాబట్టి పైన చెప్పిన ఆ చీకటి గది ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. ఒక ఎముకకి మూడు బోన్ మీల్. ఒక ఫార్మ్‌లో పుట్టిన స్కెలిటన్ ఇంకో ఫార్మ్‌లో మేత అవుతుంది.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. అలా చల్లినప్పుడు అరుదుగా వార్ప్డ్ ఫంగస్ కూడా మొలుస్తుంది, నీలం ఆకుపచ్చ కలిసిన రంగు. హాగ్లిన్లకి అదంటే భయం, ఏడెనిమిది బ్లాకుల దూరంలో అది ఉంటే చాలు, దూరంగా పారిపోతాయి, కొట్టవు, అంతవరకు బాగానే ఉంది, కానీ ఆ స్థితిలో ఉన్న హాగ్లిన్ జత కూడా కట్టదు. మేత పెడుతున్నా జతకి సిద్ధమైనట్టు చూపే హృదయాలు రావడం లేదు, గేమ్‌లో బగ్ ఉంది అని అనుకునేవాళ్ళు ముందు చుట్టుపక్కల వార్ప్డ్ ఫంగస్ ఉందేమో వెతకండి. నెదర్ పోర్టల్ (నెదర్‌కి రాకపోకల ద్వారం), రెస్పాన్ యాంకర్ (చచ్చాక మనం మళ్ళీ అక్కడే పుట్టేలా చేసే బ్లాకు) విషయంలోనూ ఇదే భయం, కాబట్టి గుంట పోర్టల్ పక్కన తవ్వకండి. వార్ప్డ్ ఫంగస్ ఒకటి మాత్రం ఇన్వెంటరీలో ఉంచుకోండి, నైలియం మీద గుచ్చితే ఆ కాసేపు ప్రాణం దక్కుతుంది, పని అయ్యాక పీకేయండి.

పిగ్లిన్లు (నెదర్‌లోని పంది ముఖం మనుషుల్లాంటి మాబ్‌లు) హాగ్లిన్లని వేటాడతాయి, అడవిలో అవీ పుడతాయి, కాబట్టి గుంట చుట్టూ గోడ తప్పనిసరి.

ఓవర్‌వరల్డ్‌కి, అంటే గేమ్‌లోని మామూలు లోకానికి, తీసుకెళ్దామనుకుంటే కుదరదు. పోర్టల్ దాటిన 15 సెకన్లకి హాగ్లిన్ జోగ్లిన్ (జాంబీ హాగ్లిన్) అయిపోతుంది, అది జత కట్టదు, మాంసానికి బదులు కుళ్ళిన మాంసమే ఇస్తుంది, దాదాపు కనిపించిన ప్రతిదాని మీదా పడుతుంది. పెంపకం నెదర్‌లోనే.

ఇంత కష్టం దేనికి అంటే, పంది 1 నుంచి 3 పోర్క్‌చాప్‌లు ఇస్తే హాగ్లిన్ 2 నుంచి 4 ఇస్తుంది, ఒక్కోసారి తోలు కూడా. నెదర్‌లో నీళ్ళు పోయలేం, గోధుమ చేను వేయడం కష్టం, అక్కడే బతకాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి తిండి లేదు. వార్ప్డ్ ఫంగస్‌తో భయపెట్టి అంచు నుంచి కింద పడేసే ఆటోమేటిక్ ఫార్మ్‌లున్నాయి, మాంసం బోలెడు వస్తుంది. నేను అటు వెళ్ళను. నా మందలో మొదటి జతకి నేమ్ ట్యాగ్ పెట్టాను, వాటిని చంపను.

ఇప్పుడు రెండో గుంట తవ్వుతున్నాను. రెండిటి మధ్య ఒక బ్లాకు వెడల్పు దారి పెడితే పెద్ద హాగ్లిన్ అందులో పట్టదు, పిల్ల పడుతుంది. నేను రెండో గుంట గట్టున నిలబడితే పిల్లలు నన్ను కొట్టడానికి ఆ సందులోంచి పరుగెత్తుకొస్తాయి, అక్కడే పెరుగుతాయి, పెరిగాక తిరిగి వెళ్ళలేవు. కోతకి రెండో గుంటలోవి, జత కట్టడానికి మొదటి గుంటలోవి.