బండల ఊరికి గుంతల దారి

కొత్తింటి నేలకి నాపరాళ్లు కొందామని బయల్దేరి, రైలు టైము కుదరక మెహిదీపట్నంలో తాండూరు బస్సెక్కాం, నేనూ మా బావమరిదీ. మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల నీడన కాసేపు హాయిగానే సాగింది. వికారాబాద్, అనంతగిరి గురించి ఇప్పటికే అందరూ రాసేశారు, వదిలేస్తున్నా. తాండూరు దగ్గరపడే కొద్దీ మాత్రం రోడ్డు మీద డాంబర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఎదురొచ్చే ప్రతి లారీలో నాపరాళ్లో, సిమెంటు బస్తాలో. అంత బరువుకి ఏ రోడ్డు మాత్రం ఆగుతుంది? పక్క సీటు పెద్దాయన తలగుడ్డతో దుమ్ము దులుపుకుంటూ, "దునియాకంత బండలు మేమే ఇస్తం. మాకే సడక్ లేదు" అన్నాడు.

ఊళ్లో ఎటు చూసినా బండే. టీకొట్టు బల్ల, మురికికాలువ మూత, ప్రహరీ గోడ, అన్నీ అదే. గనిలో రాయి అట్ల దొంతరలా పరుచుకుని ఉంది. ఎప్పుడో సముద్రం అడుగున పొరలుగా పేరుకున్న సున్నపురాయి కదా, సందులో గునపం దూర్చి లేపితే చదునుగా ఊడి వస్తుంది. పాలిషింగ్ యూనిట్లో తిరిగే చక్రం కింద నీళ్లు పోస్తూ అరగదీస్తారు. తెల్లటి బురద కాలువ కట్టి పారుతుంటే, గరుకు బండ కాస్తా నీలంగా తేలుతుంది.

పల్నాడులో మా అమ్మమ్మ ఇంటి నేల మాచర్ల నాపరాళ్లది. ఎండాకాలం సాయంత్రం నీళ్లు చల్లి, ఆరాక ఒంటిమీద చొక్కా లేకుండా దానిమీదే దొర్లేవాళ్లం. కొత్తింటికి టైల్స్ వద్దని నేను పట్టుబట్టింది అందుకే.

మధ్యాహ్నం మెస్సులో పప్పు కమ్మగా ఉంది. 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన తాండూరు కంది ఇదే. భోజనం రేటు మాత్రం హైదరాబాద్‌దే!

"ఇన్ని బండలుండగా రోడ్డుకే పరిచెయ్యొచ్చు కదా?" అని పాలిషింగ్ యూనిట్ మేస్త్రీని అడిగా.

"మనుషులు నడిస్తే ఏం కాదు సార్. లారీ ఎక్కితే పట్‌మని పలుగుతయ్."

రాయి చవకే. లారీ కిరాయి, హమాలీ వినేసరికి గుండె జారింది. పైగా దారిలో పగిలినవి మన ఖాతాలోనేనట. "వంద అడుగులు ఎక్కువ రాస్కోండ్రి, ఆ గుంతలల్ల పోతయ్" అన్నాడు మేస్త్రీ మామూలుగా. రాయించాం. తిరుగు ప్రయాణం మాత్రం రైల్లోనే.