101 దాకా వచ్చిన ఇలియా బోజోల్యాట్స్

మా అనంతపురంలో టెన్నిస్ అంటే నాదలే. 2010లో ఆయన ఫౌండేషన్ వాళ్లు ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)తో కలిసి ఇక్కడ స్కూల్ పెట్టినారు, పల్లెల నుంచి వచ్చే పిల్లోళ్లకు రాకెట్ చేతికిచ్చి, దాంతోపాటు ఇంగ్లీషూ కంప్యూటరూ నేర్పిస్తాండారు, చానా గొప్ప పని. ఆ పిల్లోళ్లలో ఎవుర్ని కదిలించినా నాదల్ అంటారు, లేదంటే జొకోవిచ్. నాకైతే వాళ్లకు ఇంకొక పేరు కూడా చెప్పాలని ఉంటుంది. ఇలియా బోజోల్యాట్స్.

ఎవురప్పా ఈయన అంటారు. జొకోవిచ్ దేశమే, సెర్బియా. 1985లో అలెక్సాండ్రోవాట్స్ అనే చిన్న ఊర్లో పుట్టినాడు, జొకోవిచ్ కంటే రెండేండ్లు పెద్ద. ఫోర్‌హ్యాండు కూడా రెండు చేతుల్తోనే కొట్టేవాడు, అట్లా ఆడేవాళ్లు మగోళ్ల టెన్నిస్‌లో చానా తక్కువ. సింగిల్స్‌లో ఆయన బెస్ట్ ర్యాంకు 101, అది 2007లో. వందలోపలికి ఎప్పుడూ పోలేదు.

101 అంటే ఏముందిలే అనుకోవద్దండి. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడతారు, ర్యాంకు చూసి నేరుగా తీసుకునేది 104 మంది దాకా, 8 వైల్డ్‌కార్డులు (నిర్వాహకులు తమ ఇష్టంతో ఇచ్చే చోట్లు), మిగిలిన 16 చోట్ల కోసం ఇంకో 128 మంది క్వాలిఫయింగ్‌లో కొట్టుకోవాల, వరసగా మూడు మ్యాచులు గెలిస్తేనే లోపలికి. పైగా ఈ వారం తెచ్చుకున్న పాయింట్లు ఏడాది తిరిగేసరికి పోతాయి, మళ్లీ తెచ్చుకోకపోతే ర్యాంకు జారిపోతాది. చాలెంజర్ టోర్నీలకు, అంటే పెద్ద టోర్నీల కింది స్థాయివాటికి, తిరగనీక టికెట్లు, కోచ్ జీతం, రాకెట్లకు తీగలు, అంతా సొంత డబ్బే, ఓడిపోయిన వారం కూడా ఖర్చు ఆగదు. అట్లా ఏండ్లకేండ్లు ఆడినాడు ఆయన. అందుకే నాకు అంత గౌరవం.

2010 వింబుల్డన్ రెండో రౌండ్‌లో ఫెదరర్‌తో తలపడినాడు. అప్పటికి ఫెదరర్ డిఫెండింగ్ చాంపియన్. 6-3, 6-7, 6-4, 7-6. ఓడిపోయినాడు గానీ ఒక సెట్ తీసుకున్నాడు, ఇంకొకటి టైబ్రేక్ (6-6 అయినప్పుడు సెట్ తేల్చే ఆట) దాకా లాగినాడు.

అసలు చెప్పాల్సింది 2013 ఏప్రిల్ సంగతి. అమెరికాలో బాయిసీ అనే ఊరు, దేశాల జట్లు ఆడే డేవిస్ కప్ క్వార్టర్స్, డబుల్స్‌లో ఎదురుగా బాబ్, మైక్ బ్రయన్, అప్పటికి ప్రపంచంలో నంబర్ వన్ జోడీ, అదీ వాళ్ల సొంత జనం ముందర. మనోడి డబుల్స్ ర్యాంకు వెయ్యి దాటి ఉండింది. పక్కన నెనాద్ జిమోన్యిచ్ ఉన్నాడు, ఆయన డబుల్స్‌లో ఒకప్పటి నంబర్ వన్, సరే, కానీ డబుల్స్ ఒక్కడే గెలవలేడు కదా. మొదటి రెండు సెట్లూ టైబ్రేక్‌లో గెలిచినారు, తర్వాత రెండు పోయినాయి, అక్కడ చానామంది చేతులెత్తేస్తారు. అప్పట్లో అక్కడ ఐదో సెట్‌కు టైబ్రేక్ లేదు, ఐదో సెట్ 15-13, సెర్బియా గెలిచింది! ఆ స్కోరు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తాది.

ఆ ఏడాదే బెల్‌గ్రేడ్‌లో ఫైనల్, చెక్ వాళ్లతో. సెర్బియా ఆటగాళ్లలో ట్రోయిట్స్కి సస్పెన్షన్‌లో ఉన్నాడు, టిప్సారెవిచ్‌కు దెబ్బ తగిలింది. జొకోవిచ్ తన రెండు సింగిల్సూ గెలిచినాడు, అయినా 3-2తో కప్పు చెక్ వాళ్లకే పోయింది. డబుల్స్‌లో బోజోల్యాట్స్, జిమోన్యిచ్ జోడీ బెర్డిచ్, స్టెపానెక్ చేతిలో మూడు సెట్లలో ఓడింది. నంబర్ వన్ స్థాయి ఆటగాడు ఒకడున్నంత మాత్రాన టీమ్ కాదు, వెనకాల 101, 150 ర్యాంకుల్లో నలుగురు గట్టోళ్లు ఉండాల, అప్పటికి సుమారు 70 లక్షల జనాభా ఉండిన దేశం వాళ్లను తయారుచేసుకునింది, అదీ నాకు ఆశ్చర్యం.

ఇక్కడ ఎండలో రాకెట్ పట్టుకునే పిల్లోళ్లలో ఎవరైనా రేపు 101 దాకా పోతే ఊరంతా ఊరేగించాల్సిందే అంటాను నేను. అప్పుడు కూడా "వందలోపల లేడు కదా" అనే మనిషి ఒకడు తప్పకుండా వస్తాడు. వాడికి బాయిసీ ఐదో సెట్ స్కోరు చెప్పండి.