రొటాలా మూన తిరిగింది

కూకట్‌పల్లిలో మా ఫ్లాటు హాల్లో రెండడుగుల చేపల ట్యాంకు ఉంది. 70 లీటర్లు పడుతుంది. ముందు వైపు అనూబియాస్, జావా ఫెర్న్ అనే నీటి మొక్కలు బాగానే ఉండేవి. వెనక అద్దం మాత్రం బోసిగా, ఫిల్టరు పైపుతో సహా కనిపించేది. దాన్ని కప్పేలా నిటారుగా పెరిగే కాడ మొక్క కావాలని రొటాలా రొటండిఫోలియా కట్టలు నాలుగు తెచ్చాను. చాలా షాపుల్లో దీన్నే రొటాలా ఇండికా అని అమ్ముతారు, కానీ అది వేరే మొక్క.

తెచ్చిన రోజు కట్టలు కళకళలాడుతున్నాయి. గట్టి కాడలు, చిన్న నాణేల్లాంటి గుండ్రటి ఆకులు. నత్త గుడ్లు రాకుండా పటిక నీళ్లలో రెండు గంటలు ఉంచి, కడిగి, కట్టను కట్టలాగే ఇసుకలో గుచ్చేశాను.

అయిదో రోజుకి కింది ఆకులు గాజు కాగితంలా పలచబడ్డాయి. ముట్టుకుంటే ఊడి వచ్చేస్తున్నాయి. ఆకలితో చస్తున్నాయేమోనని ద్రవ ఎరువు రెట్టింపు చేశాను, లైటు రోజుకి 12 గంటలు వేశాను. వారం తిరిగేసరికి కాడల నిండా పచ్చటి పాచి పోగులు. కట్టల మధ్యలో కాడలు నల్లబడి మెత్తగా కుళ్లాయి. ట్యాంకు దగ్గరికి వెళ్తే వాసన. పీకి పారేద్దామనే అనుకున్నాను.

అప్పుడే కోనసీమ నుంచి నాన్న వచ్చాడు. ట్యాంకు ముందు పీట వేసుకుని చాలాసేపు చూశాడు.

"ఏంట్రా, చేలో కలుపు తెచ్చి గాజుపెట్టెలో పెట్టావు?"

ఆ మాటలో నిజం ఉంది. రొటాలాలు మన వరిచేలల్లో కలుపుగా పెరిగేవే. ఆకులన్నీ పోతున్నాయి నాన్నా అన్నాను.

"నారు పీకి ఊడ్చాక పాత ఆకు నిలుస్తుందా? పసుపెక్కి పడిపోద్ది. మూన తిరిగిందా లేదా చూసుకోవాలి గానీ. ఆకుని కాదు, మొవ్వు చూడు."

మూన తిరగడమంటే నాటిన నారు వేళ్లు పట్టుకుని మళ్లీ పచ్చబడడం. టార్చి వేసి చూశాను. ప్రతి కాడ కొసనా లేత ఆకుల జత ఒకటి ఉంది. గుండ్రంగా కాదు, సన్నగా, కోలగా. మొక్క చావలేదు, ఆకు మార్చుకుంటోంది. నర్సరీల్లో వీటిని వేళ్లు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. గాలిలో పెరిగిన ఆకు మీద నీరు ఆవిరైపోకుండా మైనపు పొర ఉంటుంది. అదే ఆకు నీటి అడుగున సరిగా ఊపిరి తీసుకోలేదు. అందుకని మొక్క దాన్ని వదిలేసి, నీటిలో కరిగిన వాయువుల్ని నేరుగా పీల్చుకునే పలచటి ఆకు వేసుకుంటుంది. వదిలేసిన ఆకు కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నేను పెంచిన లైటూ ఎరువూ దానికి తోడై పాచికి విందయ్యాయి.

ఆ సాయంత్రమే అన్నీ పైకి తీశాను. కుళ్లిన భాగం కోసేసి, కింద రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఒక్కో కాడనీ విడిగా, వేలెడు ఎడంతో, పటకారుతో నాటాను. లైటు 6 గంటలకి తగ్గించాను. ఎరువు ఆపేసి, వారానికి రెండుసార్లు మూడో వంతు నీళ్లు మార్చాను. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 900 దాటుతుంది కాబట్టి, ఉప్పులు వడగట్టేసిన ఆర్‌వో నీళ్లు సగం కలిపాను. ఆవిరైన మేరకు మాత్రం ఒట్టి ఆర్‌వో నీళ్లే పోయాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి, పైన బోరు నీళ్లు పోస్తే అవి పేరుకుంటూ పోతాయి.

మూడో వారానికి మూన పూర్తిగా తిరిగింది. అయిదో వారానికి కాడలు పది అంగుళాలు దాటాయి. వాటిని కొయ్యడానికి నాకు చేతులు రాలేదు, కానీ కొయ్యకపోతే పైన గుబురై నీడ పడి కింద ఆకులు రాలిపోతాయి. కణుపుకి కాస్త పైన కత్తిరించాను. పది రోజుల్లో కోసిన చోట ఒకటికి రెండు పిలకలు. కోసిన కొసల్ని పక్కనే గుచ్చితే అవీ వేళ్లు వేశాయి. వెనక వరస ఎత్తుగా, ముందు వరస పొట్టిగా కోసుకుంటూ వచ్చాను. మూడో కోతకి ఫిల్టరు పైపు కనపడకుండా పోయింది.

ఎర్రగా రావాలని చక్కెర, ఈస్టు కలిపిన సీసాతో కార్బన్ డయాక్సైడు కూడా ఎక్కించి చూశాను. ఎండాకాలం ఆ సీసా ఒకరోజు పొంగితే ఇంకోరోజు ఊరుకునేది. మానేశాను. ఇప్పుడు లైటు 8 గంటలు, కొసలు లేత రాగి రంగులో ఉంటాయి. ఆ ఆకుల మధ్య గప్పీ చేపపిల్లలు దాక్కుంటాయి. నాకదే అందం.

మిగిలిన నాలుగు కాడల్ని బాల్కనీలో బురద కుండీలో పెట్టాను. గాలి తగలగానే మళ్లీ గుండ్రటి ఆకులే వచ్చాయి. కొసన చిన్న గులాబీ రంగు పూల కంకి కూడా వేసింది.

నాలుగో కోత కొసల్ని మొన్న పై ఫ్లోరు అబ్బాయికి ఇచ్చాను. అవి నీళ్లలోనే పుట్టిన ఆకులు కాబట్టి వాడి ట్యాంకులో ఒక్కటీ కరగలేదట.