లాల్ దర్వాజాలో దర్వాజా లేదు

పొద్దున లంగర్‌హౌజ్ నుంచి లాల్ దర్వాజాలో ఉండే పెద్దమ్మకి ఆవకాయ జాడీ ఇచ్చి రావడానికి బయల్దేరాను. పురానాపూల్ దగ్గర వెనక టైరు పంక్చర్. పంక్చర్ అబ్బాయి ట్యూబు నీళ్లలో ముంచి మూడు చోట్ల బుడగలు చూపించాడు. అరగంటట.

జాడీ పట్టుకుని ఎంతసేపని అక్కడే నిలబడతాం, నాలుగడుగులేస్తే పురానాపూల్ దర్వాజా. ఎన్నేళ్లుగానో ఈ దారిన తిరుగుతున్నా, బండి మీద ఉంటే కళ్లు ముందున్న ఆటోని వదిలితే కదా, తలెత్తి చూడటం ఇదే మొదలు. రాయి, సున్నం, పగుళ్లలో మొక్కలు. అటూ ఇటూ గోడ లేదు. ఇల్లు పడగొట్టి గుమ్మం ఒక్కటీ మర్చిపోయినట్టుంది.

పాత హైదరాబాద్ చుట్టూ ఉండే ఆ గోడ కథ నాకు భలే ఇష్టం. మొదలుపెట్టింది మొగలుల తరఫున ఇక్కడ పాలించిన సుబేదారు ముబారిజ్ ఖాన్. 1724లో యుద్ధంలో అతన్ని చంపిన మొదటి నిజాం, నిజాముల్ముల్కే మిగతాది పూర్తి చేయించాడు. మనిషితోనే గొడవ, గోడతో ఏం గొడవ! డజనుకు పైగా ఉన్న దర్వాజాల్లో ఇదీ, దబీర్‌పురాదీ మిగిలాయి. మిగతావి ఆటోవాళ్ల నోళ్లలో ఉన్నాయి.

పక్కనున్న వంతెన ఇంకా పాతది, 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించింది, అప్పటికి చార్మినార్ కూడా లేదు. భాగమతి కోసం కొడుకు కులీ వరదలో గుర్రాన్ని దూకిస్తే తండ్రి భయపడి కట్టించాడని కథ చెప్తారు గానీ, కులీ పుట్టింది 1565లో, అంటే అప్పటికి 13 ఏళ్లు. మా అక్క కొడుకు వయసు. వాడికి గుర్రం కాదు కదా, సైకిలిచ్చి నది దాటమన్నా దాటడు.

ఇప్పుడు ఆ వంతెన మీద కూరగాయలమ్ముతున్నారు. "లేత బీరకాయలు బిడ్డా, తీస్కో" అని ఒకావిడ పిలిస్తే కిలో తీసుకున్నా.

పెద్దమ్మకి ఇదంతా చెప్పి, మరి మీ లాల్ దర్వాజాలో దర్వాజా ఏదీ అనడిగాను. "నలభై ఏండ్ల సంది ఉంటున్న, నాకే కనపడలే. నీకేడ దొరుకుతది? ముందు జాడీ లోపల పెట్టు" అంది. బీరకాయల్లో ఒకటి చేదు వచ్చింది. కూరంతా పారబోశాం. ఆవకాయతోనే తిన్నాం.