నెబ్రాస్కా రైతు కుటుంబం కోసం భూమి కాగితాలు వెతికాను

మా అల్లుడి పూర్వీకులు జర్మనీలోని హనోవర్ ప్రాంతం నుంచి వలస వచ్చి, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, గేజ్ కౌంటీలో సేద్యం చేసినవారు. మనవరాలు పుట్టాక, మా వైపు వంశచరిత్రతో పాటు ఆ వైపు చరిత్రను కూడా ఆమె కోసం రాసిపెట్టాలని సంకల్పించాను. వియ్యంకుడి దగ్గర ఉన్న ఆధారాలు రెండే: కుటుంబ బైబిలులో రాసివున్న అయిదుగురు పిల్లల పేర్లు, తమ ముత్తాత 1868లో హోమ్‌స్టెడ్ భూమి తీసుకున్నారన్న మాట.

నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. అడంగల్, పహాణీలు చూసిన అలవాటు కొద్దీ మనుషుల కంటే ముందు భూమిని వెతికాను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమిని తీసుకుని, అయిదేళ్ళు అక్కడే నివసించి సాగు చేసినవారికి పట్టా ఇచ్చేవారు. ఫెడరల్ ప్రభుత్వపు పట్టాల సూచికలో ముత్తాత పేరు కనిపించలేదు. అప్పుడు కౌంటీ కోర్టుహౌస్‌లోని తరువాతి కాలపు దస్తావేజుల నుంచి సర్వేలో పొలం ఎక్కడుందో చెప్పే సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు తీసుకుని, వాటితో వెతికాను. పొడవు, వెడల్పు ఆరేసి మైళ్ళుండే టౌన్‌షిప్‌ను 36 సెక్షన్లుగా విభజించే ఆ సర్వే పద్ధతి తెలిస్తే, యజమాని పేరుతో పని లేకుండానే పొలాన్ని చేరుకోవచ్చు. పట్టా ముత్తవ్వ పేరు మీద ఉంది.

నెబ్రాస్కా హోమ్‌స్టెడ్ ఫైళ్ళను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉంచారు కాబట్టి మిగిలిన కథ ఇంట్లో కూర్చునే చదవగలిగాను. ముత్తాత 1871లో చనిపోయారు. గడువు పూర్తిచేసి పట్టా పొందే హక్కును చట్టం భార్యకు ఇచ్చింది. ఆమె పిల్లలతో అక్కడే ఉండి, నివాసం, సాగు షరతులు నెరవేర్చామన్న తుది రుజువును 1873లో సమర్పించింది. ఇల్లు 14 అడుగులకు 16 అడుగులనీ, ఒక తలుపు, రెండు కిటికీలు ఉన్నాయనీ, బావి తవ్వారనీ, 40 ఎకరాలు దున్నారనీ ఇరుగుపొరుగు రైతులు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. పౌరసత్వం కోరుతూ భర్త ఇచ్చిన ప్రకటన నకలు కూడా అదే ఫైలులో ఉంది. ఆమె సంతకం ఉండవలసిన చోట ఇంటూ గుర్తు ఉంది. ఆ కాగితాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

1874 వేసవిలో మిడతల దండు నెబ్రాస్కా పంటలను తినివేసింది. మరుసటి ఏడాది ఆమె భూమిని తాకట్టు పెట్టినట్టు కౌంటీ రిజిస్టరులో ఉంది. ఆ అప్పు ఎలా తీరిందో చెప్పే కాగితం లేదు గాని, 1880 జనాభా లెక్కలతో పాటు సేకరించిన వ్యవసాయ పట్టికలో భూమి ఇంకా ఆమె పేరు మీదే ఉంది. అంతకు ముందు ఏడాది ఆ ఇంట్లో 300 పౌండ్ల వెన్న తీశారని కూడా అందులోనే రాశారు. ఇంత వెన్న ఇంటి వాడకానికి కాదని, అప్పు తీరడంలో దీని పాత్ర పెద్దదని నా అభిప్రాయం.

ఆ పొలం కంటే ముందటి రికార్డు కూడా వంశచరిత్రలో ఉండి తీరాలని పట్టుబట్టి రాశాను: అక్కడి మూలవాసులైన ఓటో, మిస్సూరియా తెగలు 1854 ఒప్పందంలో ఆ ప్రాంతాన్ని అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నాయి, బిగ్ బ్లూ నది వెంట తమకు మిగిలిన భూమిని కూడా విడిచి 1881లో ఓక్లహోమా ప్రాంతానికి వెళ్ళిపోయాయి.

1890 జనాభా లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, ఆ తరువాత దాదాపు పూర్తిగా నాశనమయ్యాయి. ఆ లోటును 1885 నాటి నెబ్రాస్కా రాష్ట్ర జనాభా లెక్కలు కొంత పూడ్చాయి. 1900 లెక్కల్లో ప్రతి తల్లినీ ఎంతమంది పిల్లలు పుట్టారో, ఎంతమంది బతికి ఉన్నారో అడిగారు. ముత్తవ్వ చెప్పిన జవాబు ఎనిమిది, అయిదు. మిగిలిన ముగ్గురి సంగతి వియ్యంకుల ఇంట్లో ఎవరికీ తెలియదు. నెబ్రాస్కాలో జనన మరణాల నమోదు రాష్ట్రమంతటా మొదలైంది 1904లోనే కనుక, వారి పేర్లు దొరికితే చర్చి రిజిస్టర్లలోనే దొరకాలి. అవి పాత జర్మన్ చేతిరాతలో ఉంటాయి. మా అల్లుడు ఇప్పుడు ఆ లిపి నేర్చుకుంటున్నాడు.