గుర్రానికి చలేస్తే ఉలవలు పెట్టమన్న వాళ్లందరికీ

చుక్క నిన్న సాయంత్రం లద్దె వేసింది. ఈ మధ్య మా ఇంట్లో ఇంతకంటే శుభవార్త ఎవరూ చెప్పలేదు. ఆ సంతోషమూ, దానికి ముందు పడిన మంటా చల్లారకముందే రాస్తున్నాను.

చుక్క విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిరిగిన ఆడ గుర్రం. పాత యజమాని ఇక సాకలేనంటే కొని, లంబసింగి దగ్గరున్న మా కాఫీ తోటకు చేర్చాను. 2022 దాకా అది విశాఖ జిల్లాయే, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. సుమారు 1,000 మీటర్ల ఎత్తు. కొన్ని డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. నర్సీపట్నం మీదుగా వ్యానులో ఘాట్ రోడ్డు ఎక్కించడం సులువుగానే అయింది.

పాక కూడా తేలిగ్గానే లేచింది. ఒక్క మాట: నాలుగు వైపులా టార్పాలిన్ కట్టేయకండి. మూత్రం ఘాటు లోపలే నిలిచి గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది. గాలి కొట్టే వైపు అడ్డు, పైన సందు, కింద పొడిగడ్డి ఉంటే చాలు.

తోటకు వచ్చిన ప్రతివారూ దాని మీద ఒక దుప్పటి కప్పి పుణ్యం కట్టుకోవాలని చూశారు. గుర్రానికి చలికాలపు బొచ్చు పగలు కురచయ్యేకొద్దీ మెల్లగా పెరుగుతుంది. సముద్రపు ఒడ్డు నుంచి డిసెంబరులో వచ్చినదానికి అది చాలినంత ఉండదు కాబట్టి రాత్రిపూట కప్పాలి, నిజమే. కానీ మంచుకు తడిసిన కంబళి కంటే ఏమీ కప్పకపోవడమే మేలు. బొచ్చు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచితేనే వెచ్చదనం. అది తడిసి అణిగిపోతే ఏమీ మిగలదు.

ఇక మా బావగారి సంగతి. పని మీద నేను విశాఖలో ఉండగా ఆయన తోటకు వచ్చారు. గడ్డి చలవ, ఉలవలు వేడి అని తేల్చి, ఎండు గరిక తగ్గించి బక్కెట్ల కొద్దీ ఉలవలు పెట్టించారు. గరిక లోటుకు వరిగడ్డి. మా తాతగారు జట్కా తోలినవారు, గుర్రాల సంగతి మా రక్తంలోనే ఉంది. అయినా తోటలో పనివాళ్లు నా మాట వినరు, బావగారికి మీసాలున్నాయి కదా! అసలు గుర్రాన్ని వెచ్చగా ఉంచేది గడ్డే. పీచు పెద్దపేగులో పులిసేటప్పుడు పుట్టే వేడే దానికి కుంపటి. 350 కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల మంచి ఎండుగడ్డి పడాలి, చలి ముదిరితే ఇంకా ఎక్కువ.

దానికి తోడు తొట్టిలో నీళ్లు మంచులా ఉన్నాయి. చుక్క మూతి పెట్టి తీసేసేది. పొడిమేత, తక్కువ నీళ్లు. గుర్రం పెద్దపేగు ఒకచోట వెనక్కి మడత తిరిగి సన్నబడుతుంది, మేత అక్కడే ఇరుక్కుంటుంది. నేను తిరిగి వచ్చేసరికి లద్దె ఆగిపోయింది. ముందుకాలితో నేల గీరుతూ, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. బావగారు వెదురుగొట్టంతో నువ్వులనూనె పోయించబోతుంటే గొట్టం లాక్కున్నాను. అలా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే పని అయిపోయినట్టే.

పరుగున పశువుల ఆసుపత్రికి వెళ్లాను. ఏ ఊరిదో రాయను. రిజిస్టరు ముందున్న పెద్దమనిషి తలెత్తకుండానే అడిగాడు.

"చెవి ట్యాగు నంబరు?"

"గుర్రమండీ."

"ఏదైనా ట్యాగు ఉండాలి. పాలు ఎన్ని లీటర్లు?"

"గుర్రమండీ, కడుపునొప్పితో చచ్చిపోయేలా ఉంది."

"అంటే వట్టిపోయిందా?"

వెనక వరుసలో ఎవరో "పెళ్లి ఊరేగింపు ఉందా మాస్టారూ?" అన్నారు. అందరూ నవ్వారు. కోడికి టీకా వేయించడానికి వచ్చిన ముసలావిడ కూడా నవ్వింది. అరవై ఏళ్లు దాటినవాణ్ని, చెప్పులో ముల్లు గుచ్చుకున్నవాడిలా నిలబడ్డాను. చివరికి ఆయన విసుక్కుని గడిలో "గేదె" అని రాసి, పాల దగ్గర సున్నా చుట్టి, డాక్టరు లేరు రేపు రమ్మన్నాడు. చుక్క ఆ పుస్తకంలో ఈనాటికీ వట్టిపోయిన గేదె. ప్రజల పన్నుతో కుర్చీ ఎక్కినవాడికి నాలుగు కాళ్లున్న ప్రతిదీ పాలివ్వాలి కాబోలు.

వాకిట్లో నా మొహం చూసిన అటెండరు కుర్రాడు ఒక డాక్టరమ్మ ఫోను నంబరు చేతిలో పెట్టాడు. ఆ పిల్లవాడు చల్లగా ఉండాలి. ఆమె ఆ రాత్రే ఘాట్ ఎక్కి వచ్చారు. డొక్కకు స్టెతస్కోపు ఆనించి పేగుల చప్పుడు విన్నారు, నాడి చూశారు. గుర్రానికి మామూలుగా అది నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలట. నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపారు. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే ముందు లోపల ఏముందో గొట్టంతో చూసుకోవాలన్నారు. ఆ తర్వాతే లిక్విడ్ పారఫిన్ అనే జారుడు నూనె, గోరువెచ్చని నీళ్లు పోశారు. మేత పూర్తిగా ఆపి, మెల్లగా నడిపించమన్నారు. లద్దె కోసం లాంతరు పట్టుకుని ఎదురుచూశాం.

ఇప్పుడు పొద్దున, సాయంత్రం కాగు నీళ్లు కలిపి గోరువెచ్చగా పెడుతున్నాం. గరికలో రెండు చెంచాల ఉప్పు. నీళ్లు తాగిందా లేదా, లద్దె పొడిగా ఉందా అని రోజూ చూడండి, ముందు తెలిసేది అక్కడే. గుర్రం డాక్టరు నంబరు చలి రాకముందే సంపాదించి పెట్టుకోండి.

సంక్రాంతికి బావగారు మళ్లీ వస్తారట. ఉలవల గదికి తాళం వేసి, చెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.